జయాన్ కాన్యన్‌ని ఒక్క రోజులో అమ్మానాన్నలకీ పిల్లలకీ చూపించొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జూన్ మూడో వారంలో డల్లాస్ నుంచి లాస్ వేగస్‌కి ఫ్లైట్‌లో వస్తున్నారు. మీరిద్దరు, పదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, తెనాలి నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు. నాన్నగారికి రెండేళ్ల కిందట మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది, అమ్మగారికి బీపీ, షుగర్. చేతిలో ఉన్నది ఒక్క రోజు. ఆ రోజులోనే యూటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్క్ చూసి, కుదిరితే బ్రైస్ కాన్యన్ కూడా కలిపేసి, మధ్యలో మీవారు అక్కడి ఏంజెల్స్ ల్యాండింగ్ అనే కొండ ఎక్కి రావచ్చా అని అడిగారు.

జయాన్ ఒక్క రోజులో హాయిగా అవుతుంది. బ్రైస్ వద్దు. ఏంజెల్స్ ల్యాండింగ్ ఈసారికి వద్దు. వీలైతే ముందు రోజు రాత్రి వేగస్‌లో కాకుండా పార్క్‌కి దగ్గరలోని సెయింట్ జార్జ్ ఊళ్లో పడుకోండి. ఈ నాలుగు ముక్కలూ పాటిస్తే మిగతాదంతా చిల్లర విషయమే. ఎందుకలా అంటున్నానో చెప్తాను, కాస్త పొడుగే.

నేను పన్నెండేళ్లుగా వేగస్ పక్కన హెండర్సన్‌లో ఉంటున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా మా ఇంట్లో మూడు రోజులు దిగుతారు. ఒకరోజు స్ట్రిప్ అనే వేగస్ మెయిన్ రోడ్డు, ఒకరోజు హూవర్ డ్యామ్, ఒకరోజు జయాన్. ఎప్పుడూ లెక్కపెట్టలేదు గానీ ఇరవై సార్లకు తక్కువ వెళ్లి ఉండను. అందులో మొదటి నాలుగైదు సార్లు వెళ్లినవాళ్లకి నేను క్షమాపణ చెప్పుకోవాలి, ఎందుకంటే ఎలా చూపించాలో వాళ్ల మీదే నేర్చుకున్నాను.

మొదటిసారి మా అత్తగారిని, మామగారిని తీసుకెళ్లా. వేగస్‌లో తీరిగ్గా ఇడ్లీలు తిని ఎనిమిదిన్నరకి బయల్దేరాం. మూడు గంటల లోపు ప్రయాణమే కదా, పదకొండున్నరకి దిగుతాం అనుకున్నా. దిగేసరికి ఫోన్ పన్నెండున్నర చూపించింది. యూటాలో గడియారం వేగస్ కంటే గంట ముందుంటుంది. ఇది తెలియక పోగొట్టుకున్న గంటకి ఆ రోజంతా వడ్డీ కట్టాం. పార్కింగ్ నిండిపోయింది, ఊళ్లో డబ్బులిచ్చి కారు పెట్టాం, బస్సు కోసం ఎండలో క్యూ కట్టాం. ఎక్కాక మొదటి స్టాపు నుంచే దిగడం, ఫొటో, మళ్లీ ఎక్కడం. సగం దారిలో పార్క్ లోపలి హోటల్, జయాన్ లాడ్జ్ దగ్గరికొచ్చేసరికి మా అత్తగారు పచ్చిక మీద చతికిలబడి, “నేను ఇక్కడే ఉంటాను బాబూ, మీరు చూసొచ్చి చెప్పండి” అన్నారు. కాన్యన్‌లో అసలు బాగుండే చివరి భాగం ఆవిడ ఆ రోజు చూడనేలేదు. అప్పటినుంచి నేను తిరగేసి వెళ్తాను: ముందు బస్సులో చివరి స్టాపుకి, అక్కణ్ణుంచి వెనక్కి.

అయినా సరే, పెద్దవాళ్లకి గ్రాండ్ కాన్యన్ కంటే జయానే నయం అంటాను. గ్రాండ్ కాన్యన్‌లో అంచు మీద నిలబడి కిందికి చూస్తాం. మన గండికోటలో పెన్నని చూసినట్టే, ఆకారం పెద్దది. పది నిమిషాలకి “బాగుంది, ఇంకేం చూడాలి?” అంటారు, కిందికి దిగుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. జయాన్‌లో దీనికి తిరగబడి ఉంటుంది. మనం అడుగున ఉంటాం. పక్కన నది, రెండు వైపులా రెండు వేల అడుగులకు పైబడ్డ ఎర్రరాతి గోడలు, నది పక్కనే రోడ్డు, ఆ రోడ్డు మీద బస్సు. ఇక్కడ చూడ్డానికి మెడ ఉంటే చాలు, మోకాళ్లతో పెద్దగా పనిలేదు. నాన్నగారి గురించి మీరు పడుతున్న టెన్షన్‌లో సగం ఇక్కడే తీసేయొచ్చు.

బస్సు సంగతి. మార్చి నుంచి నవంబరు దాకా, ఆ తర్వాత కొన్ని సెలవు రోజుల్లోనూ, కాన్యన్ లోపలి సీనిక్ డ్రైవ్ అనే రోడ్డు మీదికి సొంత కార్లని రానివ్వరు. విజిటర్ సెంటర్ దగ్గర కారు వదిలేసి పార్క్ వాళ్ల షటిల్ ఎక్కాలి. టికెట్ లేదు, రిజర్వేషన్ లేదు. 2000లో మొదలుపెట్టారు ఈ పద్ధతి, ఇప్పుడన్నీ కరెంటు బస్సులే, చప్పుడు కూడా ఉండదు. మొత్తం తొమ్మిది స్టాపులు, ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పావు గంట. వీల్‌చెయిర్ ఎక్కే ఏర్పాటుంది. పాప స్ట్రోలర్ మడత పెట్టుకోండి. బస్సులో తిండి తిననివ్వరు, మంచినీళ్లు తాగొచ్చు.

మన వాళ్లు కొందరు “కారు లేకుండా ఎలా?” అని మొహం చిట్లిస్తారు. నన్నడిగితే ఈ బస్సు వరం. డ్రైవింగ్ చేసేవాడు కూడా తలెత్తి చూడగలిగే పార్కులు ఎన్నున్నాయి చెప్పండి. కాకపోతే ఒక ఇబ్బంది: కారు కింద ఉండిపోతుంది కాబట్టి కారులో ఉన్న కూలర్, మందులు, పాప బట్టలు ఏవీ అందుబాటులో ఉండవు. వెనక్కి వచ్చి తెచ్చుకోవాలంటే గంటన్నర పని. రోజుకి కావాల్సినవన్నీ భుజాన ఉండాలి. అమ్మగారి షుగర్ మాత్రలు మధ్యాహ్నానివి కూడా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టించండి, కారు డ్యాష్‌బోర్డులో కాదు.

పార్కింగ్ విషయానికొస్తే, జూన్‌లో విజిటర్ సెంటర్ దగ్గరి స్థలం పొద్దున్న ఎనిమిదికల్లా నిండిపోతుందనుకోండి. సెయింట్ జార్జ్‌లో పడుకోమన్నది అందుకే. అక్కణ్ణుంచి గంట ప్రయాణం. ఐదూ ముప్పావుకి బయల్దేరితే ఏడుకి ముందే కారు పెట్టేస్తారు. వేగస్ నుంచైతే 160 మైళ్లు, యూటా టైమ్ ప్రకారం ఏడుకి చేరాలంటే వేగస్‌లో మూడు గంటలకే బయల్దేరాలి. నాలుగేళ్ల పాపని, డెబ్బైకి దగ్గరపడ్డ నాన్నగారిని మూడింటికి లేపడం నా చేత కాలేదు, మీ చేతనైతే మంచిదే. స్ప్రింగ్‌డేల్ ఊరు పార్క్ గేటుకి ఆనుకునే ఉంటుంది, అక్కడ ఉండగలిగితే ఇంకా సుఖం, కానీ జూన్‌లో రూమ్ రేట్లు చూశాక మీరే సెయింట్ జార్జ్ అంటారు. మధ్యలో హరికేన్ అనే ఊరు కూడా ఉంది, రూమ్‌లు చవక. అక్కడివాళ్లు దాన్ని “హరికన్” అంటారు, మీరు హరికేన్ అంటే నవ్వుతారు.

ఒకవేళ ఆలస్యమై పార్కింగ్ దొరక్కపోతే కంగారు పడొద్దు. స్ప్రింగ్‌డేల్‌లో పార్కింగ్‌కి డబ్బులు కట్టి, ఊళ్లో తిరిగే ఇంకో ఉచిత షటిల్ ఎక్కితే గేటు దగ్గర దింపుతుంది. నడిచి గేటు దాటితే విజిటర్ సెంటర్.

విజిటర్ సెంటర్‌లో ఒక ఐదు నిమిషాల పని ఉంది. పిల్లలకి జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి, ఉచితంగా ఇస్తారు. నాలుగేళ్ల వయసు నుంచీ చేయొచ్చు. అందులో బొమ్మలు గుర్తుపట్టి నింపితే సాయంత్రం రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తారు. మా అబ్బాయి ఆ బ్యాడ్జీ కోసం మూడు గంటలు “ఇంకెంత దూరం” అనకుండా నడిచాడు. ఐప్యాడ్ చేయలేని పని అది.

ఇక చివరి స్టాపు, టెంపుల్ ఆఫ్ సినవావా. పేరు చూసి గుడి ఉందనుకోకండి, మా మామగారు చెప్పులెక్కడ విడవాలి అని నిజంగానే అడిగారు. అది గోడలు గుండ్రంగా చుట్టుకున్న చోటు. సినవావా అంటే ఇక్కడి పైయూట్ జాతివాళ్ల కాయోటీ (నక్కలాంటి జంతువు) దేవుడు. ఈ లోయ మొత్తానికి కూడా 1909లో అధ్యక్షుడు టాఫ్ట్ దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు ముకున్‌టువీప్ అన్న పైయూట్ పేరే పెట్టారు. పలకడం కష్టమని 1918లో మార్చేసి, అంతకుముందు ఇక్కడ స్థిరపడ్డ మోర్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు పిలుచుకునే జయాన్ పేరు ఖాయం చేశారు. నేషనల్ పార్క్ అయింది ఆ మరుసటేడు.

అక్కడ మొదలయ్యే రివర్‌సైడ్ వాక్ మీ కుటుంబం చేయాల్సిన ఒకే ఒక్క నడక. రానూపోనూ 2.2 మైళ్లు, సిమెంటు దారి, దాదాపు చదును. నది పక్కనే వెళ్తుంది. పొద్దున్న గోడల నీడ దారి మీదే ఉంటుంది, అందుకే దీన్ని ముందు చేయమంటున్నా. నాన్నగారు మొత్తం నడవనక్కర్లేదు. దారి పొడవునా ఆగడానికి చోట్లున్నాయి. సగం దూరం వెళ్లి నీళ్ల పక్కన కూర్చున్నా ఆయన చూసింది తక్కువేం కాదు. చేతికర్ర తెచ్చుకోమనండి, మొహమాటపడతారు, అయినా తెప్పించండి. చివర్లో దారి కాస్త ఎగుడుదిగుడు.

ఆ దారిలో ఒకచోట గోడలోంచి నీళ్లు కారుతూ, నాచు, ఫెర్న్ మొక్కలు గోడకి వేలాడుతూ కనిపిస్తాయి. ఎడారిలో ఇదెక్కడి తడి అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఈ గోడలన్నీ ఇసుకరాయి, పేరు నవాహో శాండ్‌స్టోన్. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న ఇసుక దిబ్బలు గట్టిపడి రాయైంది. ఇసుకరాయి స్పాంజిలాంటిది. పైన పడ్డ వాన, కరిగిన మంచు మెల్లగా లోపలికి ఇంకుతాయి. అడుగున కయెంటా అనే బంకమట్టి పొర తగిలాక ఇక దిగలేక పక్కకి తిరిగి గోడలోంచి బయటికొస్తాయి. ఆ ప్రయాణానికి వెయ్యేళ్లకు పైనే పడుతుందని ఇక్కడి నీళ్లని పరీక్షించి తేల్చారు. మా అత్తగారిని రెండోసారి తీసుకెళ్లినప్పుడు ఆవిడ నెత్తిన ఒక చుక్క పడింది. ఈ సంగతి చెప్తే, ఆ చుక్కని తుడుచుకోకుండా కళ్లకద్దుకున్నారు.

రివర్‌సైడ్ వాక్ అయిపోయిన చోట దారి నదిలోకి దిగిపోతుంది. అక్కణ్ణుంచి ది నారోస్. గోడలు దగ్గరపడి నదే దారవుతుంది, జనం నీళ్లలో నడుచుకుంటూ వెళ్తారు. మీవారికి నేనిచ్చే బేరం ఇదీ: ఏంజెల్స్ ల్యాండింగ్ బదులు బాబుని తీసుకుని ఇక్కడ నీళ్లలో ఓ అరగంట పైకి, అరగంట వెనక్కి వెళ్లి రమ్మనండి. దీనికి పర్మిట్ అక్కర్లేదు. మీరు, పాప, పెద్దవాళ్లు ఒడ్డున రాళ్ల మీద నీడలో కూర్చోవచ్చు. అడుగున రాళ్లు గుండ్రంగా, జారుడుగా ఉంటాయి, చెప్పులతో దిగనివ్వకండి. అరగంట నడకకైతే పాత స్పోర్ట్స్ షూస్ చాలు, ఒక గట్టి కర్ర ఉండాలి. స్ప్రింగ్‌డేల్‌లో షూస్, కర్రలు అద్దెకిస్తారు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ నదిలో అప్పుడప్పుడు విషపు నాచు పెరుగుతుంది. ఆ రోజు పరిస్థితి విజిటర్ సెంటర్‌లో బోర్డు మీద రాస్తారు. పిల్లల్ని తల ముంచనివ్వకండి, నది నీళ్లు నోట్లోకి పోనివ్వకండి. పాప చేతులు కడిగాకే తినిపించండి. రెండోది, మెరుపు వరద, అంటే ఉన్నట్టుండి ముంచెత్తే వరద. ఇక్కడ నేలంతా బండరాయి, జోరు వాన అంత త్వరగా ఇంకదు, పడ్డది పడ్డట్టు సన్నటి సందుల్లోకి పోటెత్తుతుంది. మీ నెత్తిన ఆకాశం నీలంగానే ఉండొచ్చు, వాన ఎక్కడో ఇరవై మైళ్ల అవతల పడి ఉండొచ్చు. 2015 సెప్టెంబరులో ఇదే పార్కులో కీహోల్ కాన్యన్ అనే చిన్న సందులో ఏడుగురు ఇలాగే పోయారు. జూన్ ఇక్కడ పొడి నెల, అసలు వానలు జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా. కాబట్టి మీ రోజున భయం తక్కువ. అయినా పొద్దున్న వరద హెచ్చరిక చూడకుండా నీళ్లలో దిగొద్దు. నీళ్ల రంగు ఉన్నట్టుండి మట్టిరంగులోకి మారినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా ఫొటోలు ఆపి ఎత్తు చోటికి ఎక్కేయాలి. ప్రవాహం సెకనుకి 150 ఘనపుటడుగులు దాటితే పార్క్ వాళ్లే నారోస్ మూసేస్తారు, అలాంటప్పుడు బేరాలాడకుండా వెనక్కి రావడమే.

ఏంజెల్స్ ల్యాండింగ్ ఎందుకొద్దన్నానో కూడా చెప్పాలి, లేకపోతే మీవారు నన్ను తిట్టుకుంటారు. దానికి 2022 ఏప్రిల్ నుంచి పర్మిట్ తప్పనిసరి, లాటరీలో వస్తేనే. ముందు రోజు మధ్యాహ్నం మూడు లోపు దరఖాస్తు పెడితే నాలుగింటికి చెప్తారు, యూటా టైమ్. అప్లికేషన్‌కి 6 డాలర్లు, వచ్చిందంటే మనిషికి ఇంకో 3. డబ్బు సమస్య కాదు. రానూపోనూ 5.4 మైళ్లు, దాదాపు 1,500 అడుగుల ఎక్కుడు, ఆఖరి అర మైలు రెండు వైపులా అగాధం ఉన్న రాతి అంచు మీద గొలుసు పట్టుకుని. నాలుగైదు గంటల పని. అంతసేపు మీరొక్కరే ఇద్దరు పెద్దవాళ్లతో, ఇద్దరు పిల్లలతో మధ్యాహ్నపు ఎండలో కింద కూర్చుని పైకి చూస్తూ ఉండాలి, అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదు. మా బావమరిది ఒకసారి ఇలాగే వెళ్లాడు. వాడు దిగొచ్చేసరికి మా చెల్లెలు వాడితో మాట్లాడే స్థితిలో లేదు. అది స్నేహితులతో వచ్చినప్పుడు చేసుకునే పని.

ఎండ. దీని గురించి కాస్త గట్టిగా చెప్తాను. జూన్ మూడో వారంలో మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. తెనాలి వాళ్లు ఈ మాట వింటే నవ్వుతారు, “మా ఊళ్లో నలభై ఐదు చూశాం” అంటారు. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది. మన కోస్తా ఎండలో చెమట కారి చొక్కా తడిసిపోతుంది, ఒళ్లే చెప్తుంది నీళ్లు తాగమని. ఇక్కడ గాలిలో తేమ ఉండదు. చెమట పట్టిన సంగతి తెలిసేలోపే ఆరిపోతుంది. దాహం వేయదు, చిరాకు వస్తుంది, తలనొప్పి వస్తుంది, తర్వాత కళ్లు తిరుగుతాయి. దాహం వేశాక తాగుదామనుకుంటే ఆలస్యమైనట్టే. పార్క్ వాళ్ల లెక్క మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు. అన్నీ మోయనక్కర్లేదు, విజిటర్ సెంటర్, మ్యూజియం, లాడ్జ్, గ్రోటో అనే స్టాపు, చివరి స్టాపు, ఈ చోట్ల నీళ్లు నింపుకోవచ్చు. టాయిలెట్లూ ఈ చోట్ల ఉన్నాయి, మిగతా స్టాపుల్లో ఆశ పెట్టుకోకండి. షుగర్ ఉన్నవాళ్లు టాయిలెట్ భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. మా అమ్మ అదే చేసేది, అడిగితే “తాగాను లే” అనేది. సీసా చూస్తే గుక్కెడు కూడా తగ్గేది కాదు. అందుకని అమ్మగారికి ఏ స్టాపులో టాయిలెట్ ఉందో ముందే చెప్పేయండి, తాగుతారు.

నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పడేసుకోండి, కానీ అమ్మగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి ఆవిడకి ఎంతవరకు ఇవ్వొచ్చో డాక్టర్ని అడిగి రండి.

తిండి: దద్ధ్యోజనం వద్దు, ఆ ఎండకి పులిసిపోతుంది. పులిహోర, చపాతీలు, ఏదైనా వేపుడు. లాడ్జ్ దగ్గర కాఫీ, తిండి దొరుకుతాయి గానీ శాకాహారులకి ఎంపిక తక్కువ, లైన్ ఎక్కువ. రివర్‌సైడ్ వాక్ అయ్యాక పదకొండున్నర ప్రాంతంలో బస్సెక్కి లాడ్జ్ స్టాపులో దిగండి. ముందు పెద్ద పచ్చిక, పచ్చిక మధ్య పెద్ద కాటన్‌వుడ్ చెట్టు, మంచి నీడ. దుప్పటి పరచుకుని తిని, నాన్నగారు కాళ్లు బారజాపుకుని ఒక కునుకు తీస్తారు. రెండు గంటలు ఇక్కడ పోయినా పోయినట్టు కాదు. మా మామగారు ఈ పార్కులో అన్నిటికంటే ఈ చెట్టునే గుర్తుపెట్టుకున్నారు.

ఉడతలకి ఏమీ పెట్టకండి, పెట్టనివ్వకండి. మన ఊరి ఉడతల్లా పారిపోవు, ఒళ్లోకెక్కి సంచీలో చెయ్యి పెడతాయి. మా మేనల్లుడు జంతిక ముక్క చూపిస్తే జంతికతో పాటు వేలు కూడా కొరికింది. మిగతా రోజంతా క్లినిక్‌లో గడిచింది. పార్కులో జంతువులకి తిండి పెడితే జరిమానా కూడా ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా బయట నడకలు పెట్టుకోవద్దు. లాడ్జ్ నుంచి లోయర్ ఎమరాల్డ్ పూల్ దగ్గరికి రానూపోనూ 1.2 మైళ్ల దారి ఉంది, అందరూ చెప్తారు. జూన్‌లో జలపాతం నూలుపోగంత ఉంటుంది, దారిలో ఎక్కుళ్లున్నాయి, నేనైతే వదిలేస్తాను. వీపింగ్ రాక్ చిన్న నడకే గానీ రాళ్లు పడి ఆ దారి మూసేస్తుంటారు, బస్సు ఆగితేనే ఆలోచించండి. బదులుగా బస్సులో వెనక్కి వస్తూ హ్యూమన్ హిస్టరీ మ్యూజియం దగ్గర దిగండి. ఏసీ ఉంటుంది. భవనం వెనకాల అరుగు మీదికెళ్తే ఎదురుగా టవర్స్ ఆఫ్ ద వర్జిన్ అనే శిఖరాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మెట్టు ఎక్కకుండా ఇంత దృశ్యం ఇంకెక్కడా దొరకదు, ఎందుకో జనం అటు రారు.

సాయంత్రం ఐదు దాటాక కారు తీయండి. ఇప్పుడు నాన్నగారి కోసం రెండో అంకం. కాన్యన్ లోపలికి కార్లు రానివ్వరు గానీ, తొమ్మిదో నంబరు రోడ్డు మీద తూర్పు వైపు ఎప్పుడైనా సొంత కారులో వెళ్లొచ్చు. మెలికలు తిరుగుతూ పైకెక్కి జయాన్-మౌంట్ కార్మెల్ సొరంగంలోకి వెళ్తుంది. 1.1 మైళ్ల పొడవు, 1930లో పూర్తయింది. కొండ గోడకి సమాంతరంగా తవ్వారు కాబట్టి మధ్యమధ్యలో గోడకి కిటికీలున్నాయి, పనివాళ్లు తవ్విన రాయిని ఆ కంతల్లోంచే లోయలోకి తోసేసేవారు. చీకట్లో వెళ్తుంటే ఒక్క క్షణం కిటికీలోంచి కాన్యన్ మెరుస్తుంది. పిల్లల్ని కుడి, ఎడమ రెండు వైపులా చూడమనండి, లోపల కారు ఆపడం నిషేధం. అవతల తేలగానే వేరే లోకం: ఎర్రగోడలు పోయి లేతరంగు బండలు, వాటి మీద వంకర గీతలు. అప్పటి ఇసుక దిబ్బల్ని గాలి ఏ వైపు తోసిందో ఆ గీతలు చెప్తాయి. చెకర్‌బోర్డ్ మేసా అనే కొండ దాకా వెళ్లి కారు తిప్పుకోండి. కొండగొర్రెలు ఈ వైపు తరచుగా కనిపిస్తాయి. ఇదంతా నాన్నగారు సీటులోంచి లేవకుండా చూడొచ్చు.

సొరంగం దాటగానే కాన్యన్ ఓవర్‌లుక్ అనే, రానూపోనూ మైలు దూరపు నడక ఉంది. మీవారికి ఇంకా ఓపిక ఉంటే, పార్కింగ్‌లో చోటు దొరికితే, ఒక్కరే వెళ్లి రావొచ్చు. పాపని తీసుకెళ్లొద్దు, కొన్నిచోట్ల కమ్మీలు లేవు.

సూర్యాస్తమయం తొమ్మిదికి కాస్త ముందు కాబట్టి వెలుతురుకి కొదవలేదు. ఎప్పుడైనా కాన్యన్ లోపల సాయంత్రం దాకా ఉండాలనిపిస్తే ఆఖరి బస్సు టైమ్ పొద్దున్నే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తప్పిపోతే తొమ్మిది మైళ్ల దాకా నడక. ఏంజెల్స్ ల్యాండింగ్ ఎక్కొచ్చిన ఆ బావమరిదే ఇంకోసారి ఈ ఆఖరి బస్సు కూడా అందుకోలేకపోయాడు. చీకట్లో మూడు మైళ్లు నడిచాక ఒక రేంజర్ దయతలచి ఎక్కించుకున్నారు.

బ్రైస్ గురించి ఒక్క ముక్క. జయాన్ నుంచి దాదాపు 85 మైళ్లు, రెండు గంటలు. మళ్లీ వేగస్‌కి నాలుగు గంటల పైచిలుకు. లెక్కేస్తే రోజంతా కారులోనే. బ్రైస్ అంచులు ఎనిమిది వేల అడుగులు దాటిన ఎత్తులో ఉన్నాయి, అమ్మగారికి బీపీ ఉంది. ఇంకో ట్రిప్‌కి దాచుకోండి.

టికెట్ల లెక్క. కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అన్ని నేషనల్ పార్కులకీ పనిచేసే ఏడాది పాస్ 80. అయితే 2026 జనవరి 1 నుంచి రూల్ మారింది: అమెరికాలో నివాసం లేని, పదహారేళ్లు నిండిన వాళ్లకి జయాన్‌తో సహా 11 పార్కుల్లో మామూలు ఫీజు మీద మనిషికి ఇంకో 100 డాలర్లు, వాళ్లకి ఏడాది పాస్ 250. మీ అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి ఇది మీకు తగిలే విషయం. మీ కారుకి ఏ పాస్ చవకో పార్క్ అధికారిక వెబ్‌సైట్‌లో ముందే చూసి కొనుక్కోండి, గేటు దగ్గర ఆలోచిస్తే వెనక కార్లు హారన్ కొడతాయి. అరవై రెండు దాటినవాళ్ల సీనియర్ పాస్ అమెరికా పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే, ఇది చాలామంది పొరబడే చోటు.

ఏ కారణం చేతనైనా ఆ రోజు బాగా ఆలస్యమైతే, లేక నాన్నగారికి కాలు నొప్పి చేస్తే, ఈ ప్రధాన కాన్యన్‌కి వెళ్లకుండా కోలోబ్ కాన్యన్స్‌కి వెళ్లండి. అదీ జయాన్ పార్కే, అదే టికెట్, కానీ గేటు వేరు. ఐ-15 హైవే మీద 40వ ఎగ్జిట్ దగ్గరే ఉంది. ఐదు మైళ్ల రోడ్డు, సొంత కారులోనే, బస్సు లేదు, క్యూ లేదు. చివర్లో ఆగితే ఎర్రటి కొండలు వేళ్లలా వరసగా నిలబడి కనిపిస్తాయి, సాయంత్రం ఎండ వాటి మీద పడ్డప్పుడు మరీ బాగుంటుంది.

మీరు వెళ్లేది శని, ఆదివారాల్లోనా, మామూలు రోజునా రాయలేదు. మార్చుకునే వీలుంటే మంగళ, బుధవారాలకి మార్చండి. శనివారమే అయితే నేను పైన చెప్పిన ఏడు గంటల్ని ఆరున్నర చేసుకోండి.